ఇంజనునకు ఆయిల్ సీలు మార్చుట

మన తాతల కాలమున ప్రతి రైతు యింటను ఎద్దుబండి యుండెడిది. దూరప్రయాణమునకు ముందు బండి చక్రములను ఊడదీసి ఇరుసునకు కందెన పెట్టెడివారు. కాల్చిన గడ్డి మసిని ఆముదముతో మెదిపి చేసిన ఆ నల్లని కందెన లేనిచో ఇరుసు కీచుమని మొఱపెట్టును, చక్రము బరువెక్కును, కొలది దినములలోనే ఇరుసు అరిగిపోవును. అయితే ఒకమారు కందెన పెట్టినంత మాత్రమున పని తీఱదు. బండి నడచుకొలదిని కందెన వెలుపలికి జారుచుండును. బాటలోని దుమ్ము లోనికి చేరుచుండును. అందుచేతనే మాటిమాటికి కందెన పెట్టవలసి వచ్చెడిది. తిరుగు వస్తువునకు నూనె కావలెను. ఆ నూనె లోపలనే నిలువవలెను. వెలుపలి మన్ను లోనికి పోరాదు. ఈ మూడు అవసరములును ఎద్దుబండి నాటివే యైనను నేటి యంత్రములకును ఇవియే ప్రాణము.

నేడు మన గంజాము, గజపతి, రాయగడ జిల్లాల వరిపొలములలో అరకకు బదులుగా పవర్ టిల్లరు కనబడుచున్నది. జపాను దేశపు చిన్న కమతములలో వాడుకకు వచ్చిన యీ యంత్రము, 1960వ దశకమున జపాను సంస్థల సహకారముతో మన దేశమునందును తయారగుట మొదలయ్యెను. దీనికి సాధారణముగా ఒకే సిలిండరు గల డీజిలు ఇంజను ఉండును. ఉదయము మోకాటిలోతు బురదలో దమ్ము చేయును. సాయంత్రము ట్రాలీ తగిలించుకొని బాటపై బస్తాలు మోయును. బురద యనక, గట్టనక, బాట యనక తిరుగు నిట్టి యంత్రమునకు నూనె కారుట యను జబ్బు తఱచుగా వచ్చును. ఆ జబ్బునకు మూలమేమి, ఇంటివద్దనే సీలు మార్చుకొను విధమెట్టిది, ఎచ్చట మన చేయి ఆపి పనివానిని పిలువవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరింపబూనితిమి. మొదట మా యింట జరిగిన యొక పొరపాటును చెప్పెదము. ఏలయన మేము నేర్చినదంతయు దానినుండియే నేర్చితిమి.

మా పొరపాటు

ఒక శ్రావణమాసమున మా టిల్లరు ఇంజను ఫ్లైవీలు వైపు నూనె కారసాగెను. నారు ముదురుచుండెను. మడిలో నీరు నిలిచి దమ్ముకు సిద్ధముగా నున్నది. నూనె ఫ్లైవీలు మీదికిని, దానినుండి వి బెల్టుల మీదికిని చిమ్మి, బెల్టులు జారుచుండెను. ఇంజను గట్టిగా అఱచుచున్నను చక్రములు కదలవు. మేము దుకాణమునకు పోయి క్రొత్త ఆయిల్ సీలు తెచ్చి, ఒక పగలంతయు శ్రమించి బిగించితిమి. రెండు దినములు చుక్క కారలేదు. మూడవనాడు మరల మునుపటివలెనే కారెను. మాకు కోపము వచ్చినది. దుకాణమునకు పోయి, మీరు నాసిరకము సరకు నిచ్చితిరని నలుగురిలో నిష్ఠురములాడితిమి. దుకాణదారుడు మాఱుపలుకక మఱియొక సీలును వెల తీసికొనకయే యిచ్చెను. అదియు నాలుగు దినములకే కారెను.

అప్పుడు మా వీధిలోని యొక వృద్ధ మెకానిక్కు వచ్చి, సీలు వంక చూడనైన చూడక, ఇంజను పై భాగమున నున్న ఊపిరి గొట్టముపై అరచేయి ఉంచెను. ఇంజను నడచుచుండగా ఆ గొట్టమునుండి గాలి కొట్టవలెను. ఏమియు కొట్టలేదు. గొట్టము ఊడదీసి పుల్లతో పొడిచి చూడగా లోపల గట్టిపడిన మట్టి! వేసవిలో టిల్లరు పాకలో ఊరక నిలిచియున్నప్పుడు, మట్టితో గూడు కట్టు కందిరీగ ఆ రంధ్రమును తన యిల్లు చేసికొన్నది. ఆ మట్టిని తీసివేసి మూడవ సీలు బిగించితిమి. అది ఆ పంట కాలమంతయు నిలిచినది. మఱునాడు దుకాణమునకు పోయి క్షమాపణ చెప్పి, రెండవ సీలు వెల చెల్లించి వచ్చితిమి. అప్పటికి వారము దినముల పని చెడిపోయెను. ముదిరిన నారునే నాటవలసి వచ్చెను.

నూనె కారు చోటు వేఱు, కారణమైన చోటు వేఱు. ఈ యొక్క మాట గుర్తుండినచో ఈ వ్యాసములోని మిగిలిన విషయమంతయు సులభమగును.

సీలు అనగానేమి?

సైకిలు పంపును విప్పి చూచిన విద్యార్థులకు దానిలోని తోలు వాషరు తెలిసియే యుండును. గిన్నెవంటి ఆ తోలు అంచు గొట్టపు గోడకు మెత్తగా ఆనుకొని గాలిని వెనుకకు పోనీయదు. తోలు ఎండిపోయినచో గాలి పట్టదు. రెండు చుక్కల నూనె వేసిన మరల పట్టును. ఆయిల్ సీలు కూడ ఇట్టిదే. 1930 ప్రాంతమున జర్మనీలోని ఫ్రాయిడెన్‌బర్గ్ అను తోళ్ల సంస్థలో వాల్టర్ సిమ్మర్ అను ఇంజనీరు తిరుగు ఇరుసులకు తోలుతోనే సీళ్లను రూపొందించెను. తరువాత తోలునకు బదులు కృత్రిమ రబ్బరు వచ్చినది. నేడు మన యింజనులలో విరివిగా నుండునది నైట్రైలు అను రబ్బరు. ఇది నూనెలో నానినను ఉబ్బి చెడదు. సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని ఓర్చుకొనగలదు.

సీలును చేత పట్టి చూచినచో మూడు భాగములు కనబడును. మొదటిది, లోపల ఇనుప రేకు గల వెలుపలి వలయము. ఇది ఇంజను గోడలోని రంధ్రములో కదలక బిగిసియుండును. రెండవది, లోపలివైపున పలుచని రబ్బరు పెదవి. ఇది తిరుగుచున్న క్రాంకు షాఫ్టును తాకియుండును. మూడవది, ఆ పెదవి వెనుక గాడిలో నున్న సన్నని తీగచుట్ట. దీనిని స్ప్రింగు అందురు. చేతి వ్రేలికి చుట్టిన రబ్బరు బ్యాండు వలె ఈ స్ప్రింగు పెదవిని షాఫ్టునకు అదిమి పట్టుచుండును. కొన్ని సీళ్లకు వెలుపలివైపున మఱియొక చిన్న పెదవి కూడ నుండును. అది దుమ్మును, బురదను అడ్డుటకు. మన పొలములకు ఈ రెండు పెదవుల సీలు మేలు.

పెదవి షాఫ్టును పొడిగా రాయుట లేదు. ఆ రెంటి నడుమ కంటికి కనబడని నూనెపొర యుండును. ఆ పొర యున్నంతకాలము పెదవి బ్రదుకును; పొర ఎండినచో క్షణములలో కాలి గట్టిపడును. కావున సీలు పని నూనెను లోపల నిలుపుటయే కాదు, తనకు కావలసినంత నూనెను తాను ఉంచుకొనుట కూడ.

చిన్న లెక్క

ఈ పెదవి పడు శ్రమ ఎంతటిదో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. షాఫ్టు వ్యాసము 40 మిల్లీమీటర్లు అనుకొందము. దాని చుట్టుకొలత 40 × 3.1416, అనగా సుమారు 125.7 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషమునకు 2,000 మార్లు తిరిగినచో పెదవి క్రింద నిమిషమునకు 251 మీటర్ల ఇనుము జారిపోవును. గంటకు 15 కిలోమీటర్లు. దినమునకు 8 గంటల చొప్పున 120 కిలోమీటర్లు. దమ్ముల కాలమున 25 దినములు దున్నినచో సుమారు 3,000 కిలోమీటర్లు. భూగోళ పాఠమున మన దేశపు ఉత్తర దక్షిణముల పొడవు 3,214 కిలోమీటర్లని చదివితిరి గదా! కూర్చున్న చోటినుండి కదలకయే ఆ చిన్న పెదవి ఒక్క దమ్ముల కాలములో దాదాపు అంత దూరము నడచినట్లు. ఇక అరుగుటలో వింత యేమున్నది?

కారు నూనెకును లెక్క కలదు. సెకనునకు ఒక్క చుక్క చొప్పున కారుచున్నదనుకొందము. ముప్పది చుక్కలు ఒక మిల్లీలీటరని భావించినచో గంటకు 120 మిల్లీలీటర్లు, 8 గంటలకు 960 మిల్లీలీటర్లు, అనగా ఇంచుమించు ఒక లీటరు. ఇట్టి చిన్న యింజనులో పట్టునదే రెండు మూడు లీటర్ల నూనె. కొలతపుల్ల చూడక రెండు దినములు దున్నినచో బేరింగులు ఎండి, పిస్టను సిలిండరునకు పట్టుకొని ఇంజను బిగిసిపోవును. సీలు వెల అల్పము. బిగిసిన ఇంజనును బాగుచేయించు వెల రైతు నడుము విఱుచును. ఎండకాలపు అప్పు తీర్చక మునుపే పైరు కాలపు అప్పు మీద పడును.

కారుచున్నది సీలేనా?

క్రింద చుక్క పడిన చోటు చూచి నిర్ణయింపరాదు. నూనె పైనెక్కడనో పుట్టి, గోడ వెంట జారి, క్రింద చుక్కయై కనబడును. కావున మొదట ఇంజను చల్లారిన పిదప ఆ వైపంతయు డీజిలుతో కడిగి గుడ్డతో తుడిచి ఆరనీయవలెను. పిమ్మట మెత్తని సుద్దపొడిని గోడపై పలుచగా అద్దవలెను. ఇంజనును పది నిమిషములు నడపి, పూర్తిగా ఆపి, అప్పుడు దగ్గఱకు పోయి చూడవలెను. తెల్లని పొడిపై మొదట తడిసిన చోటే నూనె పుట్టినచోటు. ఇంజను నడచునప్పుడు బెల్టుల దాపునకు వంగి చూచుట ప్రాణాపాయము. పంచె కొంగు గాని, ఓణీ గాని, జడ గాని చిక్కుకొనవచ్చును.

తరువాత మూడు పరీక్షలు చేయవలెను. మొదటిది, ఊపిరి గొట్టము. పిస్టను ప్రక్కలనుండి కొంత గాలి ఎల్లప్పుడును క్రింది పెట్టెలోనికి దిగుచుండును. అది వెలుపలికి పోవుటకే ఈ గొట్టము. అది మూసుకొన్నచో లోపల ఒత్తిడి పెరిగి, ఎంత మంచి సీలు నైనను త్రోసికొని నూనె వచ్చును. రెండవది, నూనె మట్టము. గుర్తునకు మించి పోసినను కారును. మూడవది, షాఫ్టు కదలిక. ఇంజను ఆపి ఫ్లైవీలును రెండు చేతుల పట్టి పైకి క్రిందికి ఊపి చూడవలెను. అటు నిటు లొటలొటలాడినచో బేరింగు అరిగినదని అర్థము. షాఫ్టు ఊగుచుండగా ఏ సీలును నిలువదు. అట్టి యింజనును మెకానిక్కునకు అప్పగింపవలెను. అది ఇంటి పని కాదు.

మూడు అంకెలు

పాత సీలు ముఖముపై మూడు అంకెలు అచ్చొత్తియుండును. ఉదాహరణకు 40 62 8 అని యున్నచో, మొదటిది షాఫ్టు వ్యాసము, రెండవది సీలు వెలుపలి వ్యాసము, మూడవది దళసరి, అన్నియు మిల్లీమీటర్లలో. అంకెలు చెరిగిపోయినచో మన పాఠశాల ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్సు ఉపయోగపడును. షాఫ్టును, రంధ్రమును, రంధ్రపు లోతును కొలిచి వ్రాసికొనవలెను. అరిగిన సీలు పెదవిని కొలువరాదు. అది సాగి తప్పు చెప్పును.

మన మిచ్చట ఇంట తెలుగు మాటాడుదుము. బజారున ఒడియా మాటాడుదుము. విడిభాగముల దుకాణమున ఏ భాషలో అడుగవలెనో యని మన పిల్లలు జంకుట చూచుచున్నాము. ఆయిల్ సీలును తెలుగువారును, ఒడియావారును, ఆ ప్రక్కనున్న బెంగాలీవారును ఆయిల్ సీలనియే అందురు. ఆ మూడు అంకెలు చెప్పినచో భాష ఏదైనను సరియైన వస్తువు చేతికి వచ్చును. తెలిసి అడుగువానికి ఏ బజారునను బెదురులేదు.

కావలసిన సామగ్రి

సరిపడు క్రొత్త సీలు, సరియైన కొలత గల రింగు స్పానర్లు, ఫ్లైవీలు తీయు పుల్లరు, రబ్బరు లేక కొయ్య సుత్తి, చెక్కదిమ్మ, సీలు వెలుపలి వలయమునకు సరిపోవు గొట్టపు ముక్క, 400 లేక 600 నంబరు నీటి ఎమరీ కాగితము, శుభ్రమైన గుడ్డపీలికలు, నూనె పట్టుటకు వెడల్పయిన పాత్ర, క్రొత్త ఇంజను నూనె, ఒక నోటుపుస్తకము. పుల్లరు ప్రతి యింటను ఉండదు. ఒకపూటకు అద్దెకు తెచ్చుకొనవచ్చును. అది లేక పనికి పూనుకొనరాదు. ఫ్లైవీలు అంచును సుత్తితో కొట్టి ఊడదీయ జూచినచో కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును.

ఊడదీయుట

టిల్లరును సమమైన గట్టి నేలపై నిలిపి చక్రములకు రాళ్లు అడ్డు పెట్టవలెను. డీజిలు ట్యాపు కట్టి, తిప్పు హ్యాండిలును దూరముగా ఉంచవలెను. బ్యాటరీ గల యంత్రమైనచో దాని తీగ ఊడదీయవలెను. ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడు నూనెను పాత్రలోనికి దింపవలెను; మఱి వేడిగా నున్నచో చేయి కాలును. పిమ్మట బెల్టుల రేకుమూత తీసి, బెల్టులను వదులు చేసి తీయవలెను. ఏ బోల్టు ఎచ్చటిదో నోటుపుస్తకమున బొమ్మ గీసికొని వ్రాయవలెను. ఈ పని పిల్లలకు అప్పగించినచో వారు పెద్దలకంటె చక్కగా చేయుదురు.

ఫ్లైవీలు నట్టు క్రింద నున్న రేకు వాషరు చెవి మడిచియున్నచో దానిని మొదట చక్కగా తిన్నన చేయవలెను. నట్టును వదులు చేసిన పిదప పూర్తిగా తీయరాదు. నాలుగైదు మరచుట్లు పట్టియుండునట్లు ఉంచవలెను. ఏలయన ఫ్లైవీలు వాలుగా చెక్కిన షాఫ్టు కొనపై బిగిసియుండును. పుల్లరు బిగించుచు పోగా అది ఒక్కసారిగా టప్పున వదలును. నట్టు లేనిచో ఆ బరువు కాళ్లపై బడును. వదలిన పిమ్మట నట్టు తీసి ఇద్దరు పట్టి దింపవలెను. షాఫ్టు గాడిలోని చిన్న ఇనుప కీని మఱువక భద్రపఱచవలెను.

ఇప్పుడు పాత సీలు కనబడును. అది ఎంత లోతున నున్నదో, ఏ ముఖము వెలుపలికి ఉన్నదో చూచి వ్రాసికొనవలెను. కొక్కెము వంటి పనిముట్టుతో నెమ్మదిగా ఎత్తి తీయవలెను. పనిముట్టు మొన షాఫ్టునకు తగులరాదు. తగులు చోట గుడ్డ అడ్డు పెట్టవలెను. షాఫ్టుపై ఒక్క గీత పడినను క్రొత్త సీలు వ్యర్థము. కొన్ని యింజనులలో సీలు బేరింగు మూతలో నుండును. ఆ మూత తీయవలసి వచ్చినచో దాని క్రింది కాగితపు ప్యాకింగు దళసరిని గమనింపవలెను. షాఫ్టు ఎంత వదులుగా నుండవలెనో కొన్నింట ఆ దళసరియే నిర్ణయించును. చేతికి దొరికిన అట్టముక్కను కత్తిరించి పెట్టరాదు.

సాక్షిని విచారించుట

పాత సీలును వెంటనే పాఱవేయరాదు. అది సాక్షి వంటిది. పెదవి గట్టిపడి పగిలియున్నచో వేడియో, వయస్సో కారణము. పెదవి ఒకే ప్రక్కన ఎక్కువగా అరిగినచో షాఫ్టు గాని సీలు గాని వంకరగా నున్నది. పెదవి మెత్తగా మంచిగా నుండియు నూనె కారినచో ఊపిరి గొట్టమునో, షాఫ్టునో అనుమానింపవలెను. స్ప్రింగు ఊడియున్నచో మునుపు బిగించినవాడు తొందరపడెను.

తరువాత షాఫ్టును తుడిచి, పెదవి రాచిన చోట గోరుతో అడ్డముగా గీచి చూడవలెను. గోరు గాడిలో తట్టుకొన్నచో షాఫ్టు అరిగినది. మెత్తని రబ్బరు గట్టి ఉక్కును ఎట్లు కోయగలదని ఆశ్చర్యపడవలదు. పెదవికి అంటుకొన్న సన్నని ఇసుక రేణువులే ఆకురాయి పని చేయును. గాడి లోతుగా లేనిచో, క్రొత్త సీలును మునుపటికంటె ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనుకకో బిగించి, పెదవి క్రొత్త చోట తాకునట్లు చేయవచ్చును. అయితే లోపలి నూనె రంధ్రము మూతపడకుండ చూడవలెను. గాడి లోతైనచో లేతు పనివానిచే షాఫ్టునకు పలుచని తొడుగు వేయింపవలెను. చిన్న గరుకును ఎమరీ కాగితముతో తుడువవచ్చును. కాని షాఫ్టు చుట్టును మాత్రమే రుద్దవలెను, పొడవున రుద్దరాదు. పొడవున పడిన గీతలు నూనెకు కాలువలగును.

బిగించుట

రంధ్రమును, షాఫ్టును అద్దమువలె శుభ్రము చేయవలెను. క్రొత్త సీలు పెదవికి ఇంజను నూనె పూయవలెను. రెండు పెదవులున్నచో వాని నడుమ కొంచెము గ్రీజు పెట్టవలెను. షాఫ్టుపై మరలును, కీ గాడియు కత్తివలె వాడిగా నుండును. వానిపై పలుచని ప్లాస్టిక్ కాగితము నున్నగా చుట్టి, దాని మీదుగా సీలును జార్చిన పెదవి తెగదు. స్ప్రింగు కనబడు ముఖము నూనెవైపునకు, అనగా లోపలికి ఉండవలెను. ఇది తలక్రిందులైనచో మొదటి గంటలోనే కారును.

ప్లాస్టిక్ కాగితము తీసి, గొట్టపు ముక్కను సీలు వెలుపలి వలయముపై ఆనించి, దానిపై చెక్కదిమ్మ ఉంచి, నెమ్మదిగా తట్టవలెను. ఒక ప్రక్క తట్టిన పిదప దాని కెదురు ప్రక్క తట్టవలెను. వంకర తిరిగినచో బలముగా కొట్టరాదు. వెనుకకు తీసి మరల మొదలుపెట్టవలెను. వ్రాసికొన్న లోతునకు, లేక గాడి కొఱకు మార్చుకొన్న లోతునకు, అన్నివైపుల సమముగా చేరెనా యని కొలిచి చూడవలెను.

ఫ్లైవీలు ఎక్కించుటకు ముందు షాఫ్టు కొనయు, ఫ్లైవీలు రంధ్రమును పొడిగా తుడువవలెను. ఇచ్చట నూనె పూయరాదు. కీని గాడిలో సరిగా కూర్చుండబెట్టి, ఫ్లైవీలు ఎక్కించి, క్రొత్త రేకు వాషరుతో నట్టును బిగింపవలెను. ఎంత బలముతో బిగింపవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకమున వ్రాసియుండును. ఆ బలమును కొలుచు టార్కు స్పానరు మనవద్ద లేనిచో ఈ యొక్క పనికి మెకానిక్కును పిలుచుట వివేకము. ఇది వదులైనచో కీ తెగి, ఫ్లైవీలు తిరిగిపోయి, మనుష్యులకే ప్రమాదము. ఖర్చు తగ్గించుకొనుట వేఱు. ప్రాణముతో ఆడుకొనుట వేఱు.

బెల్టులపై నూనెను పొడిగుడ్డతో తుడువవలెను. నూనెలో నాని ఉబ్బినవాని స్థానమున క్రొత్తవి వేయవలెను. రేకుమూత బిగించిన పిమ్మటనే ఇంజనును ముట్టుకొనవలెను. నూనెను గుర్తువఱకు పోసి, డీకంప్రెషను మీట ఎత్తి, చేతితో పది పండ్రెండు మార్లు తిప్పవలెను. తరువాత ప్రారంభించి పది నిమిషములు తక్కువ వేగమున నడపి, ఆపి, చూడవలెను. ఒక గంట పని పిదప మఱియొకమారు, మఱునాడు ఉదయము ఇంకొకమారు నూనె మట్టము చూచి నోటుపుస్తకమున తేదీతో వ్రాయవలెను.

దింపిన పాత నూనెను బోదెలోను, బావిగట్టునను పోయరాదు. ఆ నూనెలో లోహపు పొడియు, మసియు ఉండును, నీటిని చెఱచును, ఆ నీరే పశువులు త్రాగును. మూతగల డబ్బాలో పోసి, పాత నూనెను కొను దుకాణమునకు అప్పగింపవలెను. పని ముగియగనే చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

ఏటేటా చేయదగినవి

సీలు ఎక్కువ కాలము నిలుచుటకు నాలుగు పనులు చాలును. దమ్ము ముగిసిన సాయంత్రమే బురదను కడుగవలెను. ఎండిన బురద సీలునకు ఆకురాయి. కడుగునప్పుడు నీటి ధారను సూటిగా సీలు మీదికి కొట్టరాదు. యంత్రమును నెలల తరబడి పాకలో నిలిపినప్పుడు ఊపిరి గొట్టముపై వదులుగా గుడ్డపీలిక కట్టవలెను. మరల నడుపుటకు ముందు తప్పక విప్పవలెను. ఉదయమున కొలతపుల్ల చూడక ఇంజనును తిప్పరాదు. చక్రముల ఇరుసులకును ఇట్టి సీళ్లే యుండును. గేరుపెట్టె నూనె పాలవలె తెల్లబడినచో వానిలో ఒకదాని గుండ నీరు లోనికి చేరినదని గ్రహించి, నూనె మార్చి, ఆ సీలు చూడవలెను.

విద్యార్థులకొక మాట. ఈ పనిని పెద్దలు లేక ఒంటరిగా చేయబోవలదు. పెద్దలు చేయుచున్నప్పుడు ప్రక్కన నిలిచి దీపము పట్టుడు, కొలతలు వ్రాయుడు, బొమ్మ గీయుడు, ప్రశ్నలు వేయుడు. తల్లిదండ్రులకొక మనవి. పిల్లవాడు చేతికి మసి చేసికొన్నాడని కోపింపవలదు. తరగతిలో నేర్చిన వ్యాసమును, చుట్టుకొలతయు, వెర్నియరును మీ పాకలో మీ కన్నుల యెదుట పనికివచ్చుట అరుదైన భాగ్యము.

మేము నాడు దుకాణదారుని నలుగురిలో నిందించితిమి. తప్పు మా పాకలోని గొట్టములో నుండెను. సీలు మార్చుట ఒక పగటి పని. అది ఏల చెడెనో విచారించుట అంతకంటె ముందు చేయవలసిన పని. నూనె కారినచోట గుడ్డ పెట్టి తుడుచుటకు ముందు, ఊపిరి గొట్టముపై అరచేయి ఉంచి చూడుడు.